పార్కులో కండక్టరు

మొన్న పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో వస్తున్నాను. దారిలో ఒక ముసలమ్మ దిగాలంది. కండక్టరు చేతిలోని తాళంచెవితో పైకడ్డీ మీద ఒక్కసారి టక్కుమని కొట్టాడు. బస్సు ఆగింది. నేను కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే కిటికీలోంచి తల బయటపెట్టి, రోడ్డు పక్క చెట్టు మీద ఏముందా అని వెతకడం మొదలుపెట్టాను. ముసలమ్మ దిగింది. టక్ టక్. బస్సు కదిలింది. పక్కసీటాయన నన్ను వింతగా చూసి, "ఏమన్నా పోగొట్టుకున్యారా?" అన్నాడు.

"లేదప్పా, అలవాటు" అన్నాను.

ఆ అలవాటు నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది. ఆయన గురించి చెబుదామని నోరు తెరిచాను గానీ, అంతలో పక్కసీటాయనకు ఫోనొచ్చింది. అనుకున్నది చెప్పకుండా ఉండలేని జబ్బు నాది. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. మదనపల్లె టమోటా మార్కెట్టు దగ్గర నాకు పురుగుమందుల అంగడి ఉంది. ఆకు ఎట్లా ముడుచుకుందో రైతు చెబితే చాలు, ఏ పురుగో, దానికి ఏ మందో కళ్లు మూసుకుని చెబుతాను. పురుగు ఎలా చస్తుందో నాకు బాగా తెలుసు. ఎలా బతుకుతుందో యాభై దాటేదాకా తెలియదు. షుగరు వచ్చి, డాక్టరు రోజూ నడవమంటే పార్కుకు పోయాను కాబట్టి తెలిసింది. నాకు ముక్కు మీద కోపం. పార్కులోనూ ఎవరో వెనక తరుముతున్నట్టే నడిచేవాణ్ని.

మా పార్కు పెద్దదేమీ కాదు. జోరుగా నడిస్తే ఏడెనిమిది నిమిషాలకు ఒక చుట్టు. ముందు గడ్డి, పిల్లల ఉయ్యాలలు, నీళ్లు రాని ఒక ఫౌంటెను. వెనకమూలలో మాత్రం ఎవరూ పట్టించుకోని నేల కొంత ఉండేది. అందులో కలే పొదలు, బలుసు, తంగేడు, రెండు కానుగ చెట్లు. నడకదారి ఆ పొదలను ఒరుసుకుంటూ మలుపు తిరుగుతుంది.

నేను చేరిన మూడో రోజో నాలుగో రోజో, ఆ మలుపులో నా ఛాతీకి అడ్డంగా ఒక గొడుగు వచ్చింది. ముడిచిన నల్ల గొడుగు. పట్టుకున్న మనిషికి అరవై దాటాయి. సన్నగా, పొడుగ్గా, రెండు జేబుల ఖాకీ చొక్కాలో ఉన్నాడు.

"హోల్డాన్" అన్నాడు మెల్లగా.

"ఎవరయ్యా నువ్వు, దారిలో ఆపడానికి?" అన్నాను.

"అరవద్దప్పా. నీ ఎడం బుజం కాడ పాసింజరు ఉండాడు. రొవ్వంత జరిగితివంటే ఆయప్ప పాటికి ఆయప్ప పోతాడు."

తల తిప్పాను. పొదలోంచి ఒక పచ్చటి తీగ నా చెవికి జానెడు దూరంలో వేలాడుతోంది. తీగకు కళ్లున్నాయి. పసిరిక పాము. నేను అరిచిన అరుపుకు ఫౌంటెను దగ్గర నడుస్తున్నవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. నేను నేల మీద కూలబడి ఉన్నాను. ఆయన మాత్రం పాము పొదలోకి సర్దుకునేదాకా దానినే చూసి, తర్వాత నాకు చెయ్యి అందించాడు.

"కండ్లు పొడుస్తాదంటారే!" అన్నాను.

"ముప్పై ఏండ్లుగా ఆ మాట ఇంటాండాను. పొడిపించుకున్నోన్ని ఒకన్నీ సూల్లేదప్పా" అన్నాడు.

ఆ తర్వాత కింద పడిన కానుగ ఆకు ఒకటి తీసుకున్నాడు. చొక్కా జేబులోంచి పాతకాలపు టికెట్టు పంచి, అదే, కండక్టర్లు టికెట్లకు తూట్లు పొడిచే పటకారు, బయటికి తీశాడు. ఆకుకు ఒక తూటు పొడిచి నా చేతిలో పెట్టాడు. "టికెట్టు. పసిరికను ఇంత కాడ్నుంచి సూసినోల్లు ఈ ఊర్లో ఎందురుంటారు? పెట్టుకో" అన్నాడు.

ఆ ఆకును అక్కడే విసిరేశాను. ఆ రోజే అంగడిలో కూర్చుని అర్జీ రాశాను. పార్కు వెనకమూలలో పిచ్చిపొదలు పెరిగి పాములకు నిలయమైనందున వాటిని పెరికించి, నేల చదును చేయించి, సిమెంటు పలకలు పరిపించి, కసరత్తు సామాన్లు పెట్టించవలసిందిగా ప్రార్థన. మొదటి సంతకం నాది. కింద పొద్దున నడిచేవాళ్లందరివీ. మా దర్జీ భాయి కళ్లద్దాలు లేకుండానే పెట్టాడు. రిటైరైన టీచరమ్మ రెండు అచ్చుతప్పులు దిద్ది మరీ పెట్టింది. ఆ గొడుగు మనిషిని మాత్రం అడగలేదు. అర్జీ పోయిన మున్సిపల్ ఆఫీసు దాన్ని మరిచిపోయింది, దానితోపాటు నేనూ మరిచిపోయాను.

ఆయన పేరు చివర్లో తెలిసింది. రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆయన పలికేవాడే కాదు. అందరికీ కండక్టరే. "పుట్టింది కుప్పం, పెండ్లి పుంగనూరు, రిటైరయింది మదనపల్లె. బతుకంతా ఒకటే రూటప్పా, మద్యలో యాడా దిగలా" అనేవాడు.

దిగకపోవడమే ఆయన బాధ. మదనపల్లె నుంచి కుప్పం దాకా ముప్పై ఏళ్లు తిరిగాడు. గుట్టలు, చెరువులు, ఏనుగులు దాటే అడవి దారి, అన్నీ కిటికీలోంచే. "ఒక పిట్ట కనిపిస్తాది. ఇదేందబ్బా అని సూసేలోపల బస్సు మలుపు తిరిగేస్తాది. రైట్ కొట్టినోణ్ని నేనే గదా, ఎవురి మింద కోప్పడేది? ఇబ్బుడు బస్సూ నాదే, స్టాపింగూ నాదే."

నిజంగానే పార్కును బస్సులాగే నడిపేవాడు. గొడుగు కడ్డీ మీద పంచితో ఒకసారి టక్కుమంటే ఆగాలి. రెండుసార్లు కొడితే రైట్, అంటే కదలాలి. మొదట్లో నేను ఆగేవాణ్ని కాదు. "టికెట్ లేని పాసింజరు పోతాండాడు" అని వెనక నుంచి అనేవాడు, అందరూ నవ్వేవారు. ఒకరోజు నవ్వుకు ఉడుక్కుని ఆగాను. చూస్తే బెంచీ కింద ఒక ముంగిస, నోట్లో పిల్లను కరుచుకుని, మేం పోతే తాను పోదామని చూస్తోంది. ఒక పిల్లను దాటించి, మళ్లీ వచ్చి, ఇంకో పిల్లను తీసుకుపోయింది. టక్ టక్ అన్నదాకా నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. ఆ రోజు ఇచ్చిన ఆకును పారేయలేదు. అంగడిలో బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాను.

ఆయనకు పుస్తకాల పేర్లు తెలియవు. ఎక్కడ మొదట చూశాడో ఆ ఊరి పేరు పెట్టేవాడు. నెత్తిన కిరీటం పెట్టుకుని నేలను పొడుచుకు తినే కూకుడుగువ్వ 'గంగవరం పాసింజరు'. చలికాలంలో ఎక్కడినుంచో వచ్చి, కొళాయి నీళ్లు కారే చోట తోక ఆడిస్తూ తిరిగే చిన్న పిట్ట 'రిజర్వేషన్ పాసింజరు'. "ప్రతి సమ్మచ్చరం అదే సీటప్పా. ఇంకోటి కూకుంటే కొట్లాడతాది" అనేవాడు. టీచరమ్మ అసలు పేర్లు చెబితే శ్రద్ధగా విని, తలూపి, మళ్లీ తన పేర్లే వాడేవాడు.

"ప్రతి రోజూ ఈ ఆకులకు తూట్లెందుకు? నిన్న ఇచ్చిందే ఉంది కదా" అని ఒకసారి అడిగాను.

"తూటు పడిన టికెట్టు రెండోతూరి సెల్లదప్పా. నిన్న సూసింది నిన్నటికి. ఈ పొద్దుకు మల్లా సూడాల" అన్నాడు.

నేనెంత మారానో నాకు తెలియలేదు, నా అంగడికి వచ్చే రైతులకు తెలిసింది. "మందు కొట్టే ముందు ఒక దినం ఆగి చూడు, ఆ పురుగును తినేది చేలోనే ఉందేమో" అనడం మొదలుపెట్టాను. మా ఆవిడ తల కొట్టుకుంది. బి.కొత్తకోట నుంచి చుట్టాలు వచ్చి హార్స్‌లీ కొండకు తీసుకుపొమ్మంటే, "కొండ ఎక్కడికీ పోదు, ముందు మా పార్కు చూడండి" అని లాక్కుపోయేవాణ్ని. మా పార్కు అనేవాణ్ని. మా కండక్టరు అనేవాణ్ని. నాకు సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు కూడా అంత గర్వం లేదు.

అలా ఏడాది పైనే గడిచింది. కార్తీకమాసంలో ఒక పొద్దున, పెద్దాఫీసరు ఇద్దరు మనుషులతో పార్కుకు వచ్చాడు. ఒకరి చేతిలో టేపు, ఇంకొకరి చేతిలో సున్నప్పొడి. వెనకమూలలో గీతలు వేయడానికి. మేమంతా అప్పుడే మలుపు దగ్గరికి వస్తున్నాం. ఆఫీసరు చేతిలోని కాగితం మడతలు చూడగానే గుర్తుపట్టాను. నా అర్జీ.

అదే సమయానికి టక్కుమంది.

మేమంతా ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం. టీచరమ్మ ఒక కాలు ముందుకు వేసినట్టే ఆగింది. ఆఫీసరుకు ఏమీ అర్థం కాలేదు. "ఏమైంది?" అంటూ అడుగు ముందుకు వేయబోతే, దర్జీ భాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఠైరో సాబ్. ఒక బెల్లు పడిండాది. రెండోది పడేదాకా నిలబడాల."

పొదలోంచి ఊసరవెల్లి దిగుతోంది. మేం అప్పుడప్పుడు కొమ్మల్లో చూసినదే. ఎప్పుడూ నేలకు దిగని జీవి. ఆ రోజు దిగింది. పొట్ట రెండు పక్కలా ఉబ్బి ఉంది. దారి మీదికి వచ్చి, ఒక కాలు ఎత్తి, ముందుకూ వెనక్కూ ఊగి, వేయాలా వద్దా అన్నట్టు ఆలోచించి, వేసింది. మళ్లీ రెండో కాలు. ఒక కన్ను దారి వైపు, ఇంకో కన్ను మా వైపు తిరుగుతోంది. కండక్టరు గొడుగును అడ్డంగా చాపి, ఆఫీసరుకూ దానికీ మధ్య నిలబడ్డాడు.

ఆఫీసరు మొదట గడియారం చూసుకున్నాడు. రెండోసారీ చూసుకున్నాడు. తర్వాత చూసుకోవడం మానేశాడు. అది దారి దాటి, గీతలు వేయాల్సిన మెత్తటి నేలలోకి చేరి, ముందుకాళ్లతో మట్టి తవ్వడం మొదలుపెట్టాక గానీ రెండు టక్కులు పడలేదు.

"ఏం చేస్తోంది?" అన్నాడు ఆఫీసరు, గొంతు తగ్గించి.

"గుడ్లు పెడతాది సార్. పూడ్సిపెట్టి పోతాది. ఈడ తవ్వితే అయిపాయ."

ఆఫీసరు కాగితం విప్పాడు. "మీరంతా కావాలన్నారనే కదా వచ్చాను? ఇదిగో, అర్జీ. మొదటి సంతకం..." అని నా పేరు చదివాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. కండక్టరు నా వైపు తిరిగి చూడలేదు. ఆ మాట ఆయనకు అప్పుడే తెలిసిందో, మొదటినుంచీ తెలుసో, నాకు ఇప్పటికీ తెలియదు. ఆఫీసరుతో మాత్రం, "అది పాత టికెట్టు సార్. ఆయప్ప ఆ బస్సు దిగేసి శానా దినాలాయ" అన్నాడు.

ఒక్క మాటతో నలుగురిలో నా పరువు నిలబెట్టాడు. ఇంక నేను మూగవాడిలా ఉంటే మనిషినే కాను. ముందుకు వచ్చి చెప్పాను. "ఆ అర్జీ రాసింది నేనే సార్. బుద్ధి లేక రాశాను. అప్పటికి నేను ఈ పార్కును చూడలేదు. పొద్దున వచ్చి నడిచి పోయేవాణ్ని, అంతే."

ఆఫీసరు నన్ను చూశాడు, తవ్వుతున్న ఊసరవెల్లిని చూశాడు. "పని మంజూరైపోయింది. రద్దు చేయమంటే నా చేతిలో లేదు, ఆపగలను. గుడ్లు ఎన్నాళ్లకు పగులుతాయి?"

"బస్సెప్పుడొస్తాదని అడిగితే కండక్టరు ఏం సెప్తాడు సార్? వచ్చేటప్పుడు వస్తాది."

ఆఫీసరు నవ్వేశాడు. "సరే. పిల్లలన్నీ వెళ్లిపోయాక నాకు కబురు చెయ్యి. నువ్వు రైట్ కొడితేనే పని మొదలుపెడతాం" అన్నాడు. సున్నప్పొడి బస్తాను వచ్చిన దారినే మోసుకుపోయారు.

ఆ రోజు నేను అంగడి తెరవలేదు. మధ్యాహ్నం దాకా తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి, అది తిరిగి పొద ఎక్కేదాకా ఇద్దరం బెంచీ మీదే ఉన్నాం. కుక్కలు రాకుండా ఆయన ఆ చోటు చుట్టూ ముళ్లకంప సర్దాడు. వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఆయనే చెప్పాడు.

"గంగవరం దాటినాక ఒక తూరి ఇట్లాంటిదే ఒకటి రోడ్డు మింద పోతా ఉన్నింది. డ్రైవరు మంచోడు, బ్రేకేసి అద్దంలో నన్ను సూసినాడు. అప్పుటికే లేటు. పాసింజర్లు అరుస్తాండారు. నేను రెండు కొట్టినాను. ఆయప్ప నా మాట ఇన్యాడు." ముళ్లకంప వైపు చూశాడు. "బస్సు కింద సద్దు కూడా రాల్యా. దానికీ కడుపు ఇట్లే లావుగా ఉన్నింది. అదేందో అబ్బుడు నాకు తెల్దు. ముప్పై ఏండ్లలో ఎన్ని వేల తూర్లు రైట్ కొట్నింటానో. ఆ ఒక్కటీ ఇంగా సెవిలో ఉండాది."

నేను ఓదార్చడం చేతకాని మనిషిని. కింద పడిన ఆకు ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. దానికి తూటు పొడిచి, ఈసారి తన జేబులోనే పెట్టుకున్నాడు.

చలికాలమంతా, ఎండలు ముదిరేదాకా, ఆయన రోజూ అందరికన్నా ముందు వచ్చి ముళ్లకంప సర్దేవాడు. "ఇంగా రాల్యా?" అని మేం అడిగితే, "రూట్లో ఉండాది" అనేవాడు. ఉగాది దాటాక రెండు రోజులు రాలేదు. మూడో రోజు దర్జీ భాయి కబురు తెచ్చాడు. నిద్రలోనే పోయాడట. ఆ రోజు నేను పార్కుకు పోయి ముళ్లకంప సర్ది వచ్చాను.

పదకొండో రోజు వాళ్లింటికి పోతే, ఆయన భార్య నన్ను లోపలికి పిలిచి, ఆ పంచిని నా ముందు పెట్టింది. "ఇంట్లో దీని పని ఎవురికీ తెల్దప్పా. మీరే పెట్టుకోండి. ఆయప్పకు ఆ గుడ్ల మిందనే ద్యాస. పానం పోయిన రాత్రి కూడా, వాన వస్తే బాగుణ్ను అన్యాడు."

మృగశిర కార్తెలో వాన పడింది. మర్నాడు పొద్దున నేనే ముందు చూశాను. మట్టి చిన్నగా కుంగింది. అందులోంచి వేలిగోరంత తల ఒకటి బయటికి వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఒళ్లంతా మట్టిరంగు, కళ్లు అప్పుడే రెండు వైపులా తిరుగుతున్నాయి. గడ్డిపరక పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగాయి. అమ్మ నడిచిన నడకే. నేర్పినవాళ్లెవరూ లేరు. టీచరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను ఒత్తుకోలేదు, ధారగా కారనిచ్చాను. సిగ్గేమిటి?

మాట ఇచ్చాం కాబట్టి, నాలుగు రోజులు చూసి, కొత్తగా ఏవీ రానప్పుడు ఆఫీసరుకు కబురు చేశాను. గడ్డపారలు పట్టుకున్న మనుషులతో వచ్చాడు. చేతిలో అదే అర్జీ. కండక్టరు పోయాడని తెలిసి, ముళ్లకంప దాకా నడిచి వచ్చాడు. తర్వాత, "పిల్లలన్నీ వెళ్లాయి కదా? ఆయన బదులు మీరు రైట్ కొట్టండి. పని మొదలుపెడతాం" అన్నాడు.

జేబులోంచి పంచి తీశాను. బెంచీ ఇనుపకాలు మీద ఒకసారి కొట్టాను. టక్.

నడుస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. ఫౌంటెను దగ్గరివాళ్లు కూడా. గడ్డపారల మనుషులు నా వైపు చూశారు. రెండోది కొడతానని అందరూ ఎదురుచూస్తున్నారు. గంగవరం దాటాక ఆ రోడ్డు మీద అద్దంలోంచి చూసిన డ్రైవరు కూడా ఇలాగే ఎదురుచూసి ఉంటాడు. నేను చెయ్యి దించేశాను.

"ఇంకా ఎక్కుతాండారు సార్" అన్నాను.

ఆఫీసరు నా చేతి వైపు చూశాడు. పొదల వైపు చూశాడు. "సరే, రెండో బెల్లు పడేదాకా ఆపుతాం" అని, నా అర్జీని నాకే ఇచ్చేసి, మనుషులను వెనక్కి రమ్మన్నాడు. నేను ఆ కాగితానికి, సరిగ్గా నా సంతకం మీద, ఒక తూటు పొడిచాను.